పొలానికి నీళ్లు ఎంత పెట్టాలి? మిగిలిన నీరు ఎటు పోవాలి? – డ్రిప్ సబ్సిడీ తీసుకునే వారికి వివరాలు

కిషన్‌బాగ్, చుట్టుపక్కల బస్తీల్లో ఉంటూ ఊళ్లో పొలం ఉన్నవారి కోసం ఈ వివరాలు. పొలం మీరే చేస్తున్నా, కౌలుకు ఇచ్చినా ఒకసారి పూర్తిగా చదవండి. చదివాక ఊళ్లో పొలం చూసుకునేవారికి కూడా పంపండి.

నీళ్లు ఎక్కువైతే నష్టం ఏమిటి?

ఎకరం పొలంలో ఒక్క అంగుళం నీరు నిలబెట్టాలంటే సుమారు లక్ష లీటర్లు కావాలి. కాలువ పారకంలో అందులో చాలా భాగం మొక్కకు అందదు, వేరు దాటి భూమిలోకి దిగిపోతుంది. దానితో రెండు నష్టాలు.

1. పంటకు: నీరు నిలిస్తే వేరుకు గాలి ఆడదు. మక్క, మిరప, పత్తి ఆకులు పసుపు పచ్చబడతాయి. వేరుకుళ్లు వస్తుంది.

2. తాగే నీటికి: 45 కిలోల యూరియా బస్తాలో 20 కిలోలకు పైగా నత్రజని ఉంటుంది. ఇది మట్టిలో నైట్రేట్‌గా మారుతుంది, ఎక్కువైన నీరు దాన్ని బోరు, బావి నీళ్లలోకి తీసుకెళ్తుంది. తాగే నీటిలో నైట్రేట్ లీటరుకు 45 మిల్లీగ్రాములు మించకూడదు. మించితే ముఖ్యంగా ఆరు నెలల లోపు పసిపిల్లలకు ప్రమాదం. కాచి చల్లార్చినా ఇది పోదు. అంటే పొలంలో వృథా అయిన యూరియా డబ్బు నష్టంతో ఆగదు, మన ఇంటి బిందెలోకే వస్తుంది.

నీళ్లు తగ్గించేది ఎట్లా?

కూరగాయలు, పండ్ల తోటలు, మిరప, పత్తికి డ్రిప్ మంచిది. నీళ్లు వేరు దగ్గరే పడతాయి. కరిగే ఎరువును కూడా పైపులోనే కొంచెం కొంచెంగా ఇవ్వొచ్చు. అయితే డ్రిప్ వేసి రోజంతా మోటారు వదిలేస్తే లాభం లేదు. వేరు దగ్గర మట్టి తీసి చేతితో ఉండ చేసి చూడండి. ఉండ కడితే ఇంకా పదును ఉన్నట్టే, ఆ రోజు నీళ్లు అక్కర్లేదు.

వరికి తడి-పొడి పద్ధతి వాడండి. రంధ్రాలు చేసిన పైపు ముక్కను మడిలో పాతి, లోపల నీటి మట్టం చూస్తుండాలి. మట్టం నేల కింద 15 సెంటీమీటర్లకు దిగాక మళ్లీ నీళ్లు పెట్టాలి. పూత దశలో మాత్రం ఆరనివ్వొద్దు. యూరియాను నిలిచిన నీటిలో చల్లొద్దు. బురద పదునులో చల్లి, దాదాపు రెండు రోజులయ్యాక పలచగా నీళ్లు పెట్టాలి.

మిగిలిన నీటికి దారి

నల్లరేగడిలో బోదెలు తోలి, బోదె మీద మొక్క పెట్టండి. పొలం వాలు చూసి దిగువన ఒక కాలువ తీయండి. ఆ కాలువ నీరు నేరుగా చెరువులో గానీ పక్కవారి పొలంలో గానీ పడకూడదు. నీటి కుంటలోకి మళ్లిస్తే మళ్లీ వాడుకోవచ్చు. కాలువ గట్టున గడ్డి పెంచితే మట్టి, ఎరువు అక్కడే ఆగుతాయి. వానాకాలం ముందే పూడిక తీయాలి.

మూసీ నీళ్లు పారే పొలాలకు

కిషన్‌బాగ్ పక్క నుంచి పారే మూసీ, నగరం మురుగును కూడా కలుపుకొని తూర్పుకు పోతుంది. దిగువన కత్వల నుంచి తీసిన కాలువల కింద వరి, పారాగడ్డి, ఆకుకూరలు పండుతున్నాయి. ఆ నీటిలోనే నత్రజని ఉంటుంది కాబట్టి మామూలు మోతాదులో యూరియా వేస్తే వరి ఏపుగా పెరిగి పడిపోతుంది. మట్టి, నీళ్లు పరీక్ష చేయించాకే ఎరువు వేయండి. శుద్ధి కాని ఆ నీళ్లను పచ్చిగా తినే కూరలకు పెట్టొద్దు. పొలంలో దిగేటప్పుడు బూట్లు, చేతి తొడుగులు వేసుకోండి. ఆ నీళ్లలో మురికి ఎక్కువ కాబట్టి సరైన ఇసుక ఫిల్టర్ లేకుండా డ్రిప్ పెడితే డ్రిప్పర్లు తొందరగా మూసుకుపోతాయి.

సబ్సిడీ ఎవరికి ఎంత?

తెలంగాణ సూక్ష్మ సేద్యం పథకం ఉద్యాన శాఖ ద్వారా అమలవుతుంది. డ్రిప్‌కు:

• ఎస్సీ, ఎస్టీ రైతులకు 100 శాతం
• బీసీ, సన్న, చిన్నకారు రైతులకు 90 శాతం
• ఇతరులకు 80 శాతం

గరిష్ఠంగా 5 హెక్టార్లు, అంటే దాదాపు 12 ఎకరాల 14 గుంటల వరకు. ఒకసారి సబ్సిడీ తీసుకున్న భూమికి 7 ఏళ్ల దాకా మళ్లీ ఇవ్వరు. నిర్ణయించిన యూనిట్ ధర మీదనే శాతం లెక్క కడతారు. అందుకే మీ వాటా ఎంతో డబ్బు కట్టే ముందే రాయించుకోండి.

కావలసినవి: పట్టాదారు పాస్‌బుక్, ఆధార్, బ్యాంకు పాస్‌బుక్, ఫోటో. అవసరమైతే కుల ధ్రువీకరణ పత్రం, సన్న-చిన్నకారు రైతు పత్రం. బోరు లాంటి నీటి వసతి కూడా ఉండాలి.

మీరు ఇక్కడ, పొలం అక్కడ ఉంటే?

పాస్‌బుక్ మీ పేరున ఉంటే దరఖాస్తుకు మీ సంతకం, మీ ఆధార్ కావాలి. కౌలు రైతు ఒక్కడే వెళ్తే పని ఆగిపోతుంది. ఒక రోజు వీలు చేసుకుని ఊరెళ్లి, ఇద్దరూ కలిసి పొలం ఉన్న మండలంలోని ఉద్యాన అధికారిని కలవండి. ఈ ఏడాది మంజూరు ఉందో లేదో అక్కడే తెలుస్తుంది. మంజూరు కాకముందే సామాను కొనొద్దు.

డ్రిప్ వచ్చాక ఫిల్టర్ తరచూ కడగాలి. పైపుల చివరి మూతలు తీసి మురికి నీరు వదలాలి. ఈ పని ఎవరు చేయాలో మీరు, కౌలుదారు ముందే మాట్లాడుకోండి. ఎవరూ చూసుకోకపోతే సబ్సిడీతో వచ్చిన పైపులు గట్టు మీదే పడి ఉంటాయి.