మూతి లేవకుండా

ఇడాహోలో పశువులు పెంచుకుంటూ, వేట గురించి రాస్తూ బతికిన ఎల్మర్ కీత్, పెద్ద జంతువుల వేటకు సరిపోయే చేతి తుపాకి కావాలని ఏళ్ల తరబడి పట్టుబట్టాడు. 1955లో స్మిత్ అండ్ వెస్సన్, రెమింగ్టన్ కంపెనీలు ఆయన కోరిక తీర్చాయి. పాయింట్ 44 మాగ్నమ్ అనే రివాల్వర్ తూటా పుట్టింది, దాంతోపాటే దాని తన్నూ పుట్టింది.

పదిహేనున్నర గ్రాముల గుండు సెకనుకి 400 మీటర్లకు పైగా వేగంతో వెళ్తుంది. వెనకే మండిన మందు వాయువు అంతకన్నా జోరుగా చిమ్ముతుంది. ఆ రెండింటికీ బదులుగా కిలోన్నర లోపు రివాల్వర్ సెకనుకి సుమారు 6 మీటర్ల వేగంతో వెనక్కి వస్తుంది. రైఫిలుకైతే భుజం ఆసరా. దీనికి మణికట్టే దిక్కు.

పైగా గొట్టం ఉండేది పిడికిలికి పైన. తన్ను పైన, పట్టు కింద. అందుకే తుపాకి తిన్నగా వెనక్కి రాక మూతెత్తి తిరుగుతుంది. గుండు ఇంకా గొట్టంలో ఉండగానే ఇది మొదలవుతుంది. ఈ యంత్రంలో నన్ను కట్టిపడేసే సంగతి ఇదే: మిల్లీసెకను పాటి ఆ కదలికను ముందే లెక్కేసి, గురి చూసే ముందరి ముల్లును ఎత్తుగా పెడతారు. కాల్చబోయే క్షణాన గొట్టం నిజానికి కాస్త కిందికే చూస్తుంటుంది. బరువైన, నిదానమైన గుండు గొట్టంలో ఎక్కువసేపు ఉంటుంది కనక, దగ్గరి గురిలో సాధారణంగా కిందికి కాదు, పైకే తగులుతుంది!

1873 నాటి కోల్ట్ రివాల్వర్ పిడిని అమెరికన్లు నాగలి మేడితో పోలుస్తారు. ఆ వంపు అరచేతిలో జారుతూ తిరిగి, దెబ్బను కాస్త సాగదీస్తుంది. 1970లలో మిషిగన్‌లో లారీ కెల్లీ మరో దారి పట్టాడు. విద్యుత్ స్పార్కులతో లోహాన్ని కొరికి, మూతి దగ్గర గొట్టం పైభాగాన చీలికలు తెరిచాడు. వాయువు వాటిలోంచి పైకి చిమ్ముతూ మూతిని కిందికి తొక్కుతుంది. ఆ మేలుకు మూల్యం చెవులు చెల్లిస్తాయి. తుపాకిని ఒంటికి దగ్గరగా పట్టుకుని కాల్చేవాడికి ముఖానికీ ముప్పే.

2003లో వచ్చిన పాయింట్ 500 మాగ్నమ్‌కి బరువునే విరుగుడు చేశారు. పొడుగు గొట్టం రకం సుమారు 2 కిలోలు. పైగా రబ్బరు పిడి, మూతికి వాయువును మళ్లించే తొడుగు.

ఇన్ని చేసినా భయం మిగులుతుంది. అందుకే సాధనలో, కాల్చేవాడికి తెలియకుండా సిలిండర్‌లో ఒక గది ఖాళీగా వదులుతారు. సుత్తి టక్కుమని పడుతుంది. తన్ను లేదు, అయినా మూతి ఠక్కున కిందికి వాలుతుంది. ఆ ఉలికిపాటు మానేదాకా, మందు తగ్గించిన తూటాలతోనే కాల్చాలి. అడవిలో ఆ వాలే మూతి ముందుండేది ప్రాణమున్న జింక.