అరగడానికే పుట్టిన బుష్

ఎల్లారెడ్డి వైపు నుంచి వడ్ల బస్తాలతో కామారెడ్డి చేరి 44వ నంబరు జాతీయ రహదారి ఎక్కే లారీ బరువు ఇరుసుల మీదికి దిగేది కమాన్ కట్టల గుండానే. 1804లో లండన్‌లో ఒబదయా ఇలియట్ గుర్రపు బగ్గీ కోసం పేటెంటు తీసుకున్న ఉక్కు పట్టీల కమానుకు ఇవి వారసులే. బరువు పడితే కమాను వంపు తగ్గి, కొసల మధ్య దూరం పెరుగుతుంది. అందుకే ఒక కొసను ఛాసిస్ బ్రాకెట్‌కు పిన్నుతో బిగించి, రెండోదాన్ని ఊగే షాకిల్‌కు తగిలిస్తారు. ప్రతి గుంతకూ పిన్ను చుట్టూ కమాను కొసనున్న కన్ను కొద్ది డిగ్రీలు అటూ ఇటూ కదులుతుంది. పూర్తిగా తిరగని ఆ కదలికే చెడ్డది. బరువు ఎప్పుడూ ఒకే పక్క పడుతుంది, గ్రీజు పొర నిలవదు. గట్టి పిన్నుకూ ఖరీదైన పట్టీకీ మధ్య కంచు లాంటి మెత్తటి లోహపు బుష్ పెట్టింది అందుకే. అది అరిగిందంటే తన పని తాను చేసిందన్నమాట. మార్చకుండా నడిపితేనే అరుగుదల పిన్నుకూ కంటికీ పాకుతుంది.

అరిగిన బుష్‌ది టకటక చప్పుడే కదా, బండి ఆగలేదు కదా అంటారు. లెక్క వేద్దాం. రెండు పక్కల కమాన్ల మధ్య మీటరు దూరం ఉందనుకుంటే, బుష్ అరిగి ఒక పక్క ఇరుసు 3 మిల్లీమీటర్లు వెనక్కి జరిగితే చాలు, అది కిలోమీటరుకు 3 మీటర్లు పక్కకు లాగుతుంది. వెనక ఒకే ఇరుసు ఉంటే డ్రైవరు స్టీరింగు కాస్త వంచి పట్టి సర్దుకుంటాడు, బండి వంకరగా నడుస్తుంది. రెండు ఇరుసులుండి ఒకటే తప్పితే సర్దుబాటు కుదరదు. కామారెడ్డి నుంచి హైదరాబాద్‌కు సుమారు 110 కిలోమీటర్లు. అంటే 330 మీటర్ల పక్కరాపిడి ఆ టైర్లే పంచుకోవాలి. టైరు ధర ముందు బుష్ ధర ఎంత?

పోనీ, గ్రీజు గొడవే లేని రబ్బరు బుష్ వేస్తే? 1920ల్లో యూరప్‌లో వచ్చిన సైలెంట్ బ్లాక్‌లో ఏదీ జారదు, రబ్బరే మెలితిరుగుతుంది. దుమ్ము దారికి అది మేలే. కానీ ఓవర్‌లోడుకు రబ్బరు చీలుతుంది, నూనె తగిలితే ఉబ్బుతుంది. కాబట్టి ఏది వేశామన్నదానికంటే ఎలా వేశామన్నదే ముఖ్యం. లోహపు బుష్ అయితే గాడిపడ్డ పాత పిన్ను మళ్లీ వాడకూడదు, కొత్త బుష్‌ను అదే తినేస్తుంది. బుష్ రంధ్రం గ్రీజు దారికి ఎదురుగా రావాలి. గ్రీజు గన్ కొట్టినప్పుడు రెండు అంచుల నుంచీ తాజా గ్రీజు బయటికి రాకపోతే పిన్ను మళ్లీ ఊడదీయాల్సిందే. రబ్బరుదైతే బండి జాకీ మీద ఉండగా బోల్టు బిగించకూడదు. చక్రాల మీదికి దించాకే బిగించాలి, లేదంటే రబ్బరు మెలిపడే ఉండి షెడ్డు దాటిన కొన్నాళ్లకే చీలుతుంది.