ఒకరి పాత్రలు, మరొకరి చేతిరాత

సొంతంగా పాత్రల్ని సృష్టించుకోలేనివాడే ఇతరుల పాత్రల్ని అరువు తెచ్చుకుంటాడని మన విమర్శలో ఒక అభిప్రాయం పాతుకుపోయి ఉంది. అలాంటి రచన కంటబడగానే "ఇది స్వతంత్ర రచన కాదు" అని పక్కన పెట్టేస్తాం. అయితే ఈ కొలబద్దను మనం అందరికీ వాడం. గురజాడ గిరీశాన్ని పట్టుకొచ్చి సినిమాల మీద మాట్లాడించిన ముళ్ళపూడి వెంకటరమణ 'గిరీశం లెక్చర్లు'కు వాడలేదు. 1920లో రామకథనే తీసుకుని శంబూకుడి వైపు నిలబడి 'శంబుక వధ' రాసిన త్రిపురనేని రామస్వామి చౌదరికి వాడలేదు. కాళిదాసు మేఘాన్ని తప్పించి ఆ స్థానంలో గబ్బిలాన్ని పెట్టి, అస్పృశ్యుడి మొరను కాశీ విశ్వనాథుడికి పంపిన వినుకొండ జాషువాకు (1941) అసలే వాడలేదు. పేరున్నవాడు చేస్తే పునర్వ్యాఖ్యానం, ఊరూ పేరూ లేని పాఠకుడు చేస్తే అనుకరణ! ఈ తేడా రచనల గుణం వల్ల వచ్చిందా, అచ్చు యంత్రం అందుబాటులో ఉండటం, లేకపోవటం వల్ల వచ్చిందా? ఈ ప్రశ్నకు జవాబు వెతకాలంటే అచ్చు అందనివాళ్ళు పత్రికలు ఎలా చేసుకున్నారో ముందు తెలుసుకోవాలి.

అమెరికాలో ఇది పాఠకుల ఉత్తరాలతో మొదలైంది. 1926లో వెలువడిన 'అమేజింగ్ స్టోరీస్' అనే సైన్సు కథల పత్రిక తన ఉత్తరాల శీర్షికలో పాఠకుల చిరునామాలు కూడా అచ్చువేసేది. ఆ చిరునామాలు చూసి పాఠకులు ఒకరికొకరు ఉత్తరాలు రాసుకున్నారు, సంఘాలు పెట్టుకున్నారు. 1930లో చికాగోలో 'ది కామెట్' అనే చిన్న పత్రిక తెచ్చారు. ఇలాంటి వాటికి 1940లో లూయీ రస్సెల్ షోవెనే 'ఫ్యాన్‌జైన్' అని పేరు పెట్టాడు. మనం అభిమాన పత్రిక అనుకోవచ్చు. మొదట్లో వీటిలో చర్చలు, సమీక్షలు, దెబ్బలాటలే ఎక్కువ. అభిమాన కథ, అంటే తమకు నచ్చిన కథలోని మనుషుల్ని తీసుకుని పాఠకులు తామే మరో కథ అల్లటం, ఈ పత్రికల్లో పెద్ద ఎత్తున పుంజుకున్నది 'స్టార్ ట్రెక్' టెలివిజన్ ధారావాహిక తర్వాతనే. ఆ ధారావాహిక 1966లో మొదలైతే, 1967లోనే న్యూయార్క్ నుంచి ఇద్దరు స్త్రీల సంపాదకత్వంలో 'స్పాకనాలియా' వచ్చింది. ఆ తర్వాతి పదేళ్ళలో ఇలాంటివి వందల్లో వెలిశాయి. రాసినవారిలో, చదివినవారిలో స్త్రీలే అధికం. తెర మీద కథ పురుషులది. ఆ కథ వదిలేసిన ప్రశ్నలు అడిగినవాళ్ళు స్త్రీలు.

ఈ పత్రికల తయారీని కాస్త వివరంగా చూడాలి. ఎందుకంటే శిల్పాన్ని సగం నిర్ణయించింది ఆ శ్రమే.

అన్నిటికంటే చవకైనది కార్బన్ కాగితం. టైపు మిషనులో కాగితాలూ కార్బన్లూ పొరలు పొరలుగా పెట్టి గట్టిగా కొడితే ఐదారు ప్రతులు చదవటానికి పనికొస్తాయి. ఆ పైన అక్షరం బూడిదగా అలుక్కుపోతుంది. సోవియట్ రష్యాలో నిషిద్ధ రచనలు చేతులు మారింది చాలావరకు ఈ పద్ధతిలోనే. ఒక్కో పాఠకుడు తనకు అందిన ప్రతిని మళ్ళీ టైపు చేసి మరికొందరికి పంపేవాడు. రెండోది హెక్టోగ్రాఫు. పళ్ళెంలో జెలటిన్ పోసి గట్టిపడనిచ్చి, ప్రత్యేకమైన సిరాతో రాసిన కాగితాన్ని దాని మీద అద్దితే రాత ఆ జిగురులోకి దిగుతుంది. తర్వాత తెల్ల కాగితాలు ఒక్కొక్కటే అద్ది తీయాలి. ఊదారంగు ప్రతులు ఓ యాభై దాకా వస్తాయి. ఎండ తగిలితే రంగు వెలిసిపోతుంది.

మూడోదే మన ఆఫీసుల్లో, బడుల్లో అందరూ ఎరిగిన సైక్లోస్టయిల్. మైనం పూసిన పల్చటి స్టెన్సిలు కాగితాన్ని టైపు మిషనులో పెట్టి, రిబ్బను తప్పించి, ఒట్టి అచ్చులతోనే కొట్టాలి. అక్షరం పడ్డచోట మైనం చెదిరి దారి ఏర్పడుతుంది. ఆ స్టెన్సిలును యంత్రం డోలుకు చుట్టి పిడి తిప్పితే, ఆ దారిగుండా సిరా దిగి కాగితం మీద అచ్చు పడుతుంది. వినటానికి తేలికే. మెల్లగా కొడితే అక్షరం పడదు. గట్టిగా కొడితే గుండ్రటి అక్షరం చుట్టూ తెగి, మధ్య ముక్క ఊడిపోయి, ప్రతిలో నల్లటి చుక్క మిగులుతుంది. తప్పు పడితే ఘాటైన వాసన వేసే దిద్దుడు ద్రవం పూసి, ఆరేదాకా ఆగి, మళ్ళీ కొట్టాలి. పేజీ సగంలో ఒక వాక్యం మారిస్తే బావుంటుందని తోచినా, స్టెన్సిలు ఖరీదు గుర్తొచ్చి ఊరుకుంటాడు రచయిత. అసలు స్టెన్సిలు మీదే నేరుగా కథ రాసిన ధైర్యవంతులూ ఉన్నారు. సిరా పీల్చుకునే ముతక కాగితం కావాలి. నున్నటి కాగితమైతే ఒకదాని సిరా మరోదాని వీపుకు అంటుతుంది. చివర్లో పేజీలన్నీ బల్ల చుట్టూ దొంతర్లుగా పేర్చి, మిత్రులు చుట్టూ తిరుగుతూ ఒక్కొక్క కాగితమే ఏరి ప్రతి కూర్చి పిన్నులు కొట్టాలి. ఇది ఒంటరిగా సాగే పని కాదు. కథ నచ్చనివాడు కూడా ఆ కథ ప్రతులు పేర్చాల్సిందే. పేరుస్తూ విమర్శించకుండా ఉండడు!

వీటి ఆర్థికం మరీ విచిత్రం. అమ్మకం ధర కాగితానికీ, సిరాకూ, తపాలాకూ సరిపోతే చాలు. చాలా పత్రికల్లో మరో పద్ధతి నడిచింది: సంచిక చదివి విమర్శ ఉత్తరం రాసినవాడికి తర్వాతి సంచిక ఉచితం. అంటే చందా డబ్బు బదులు విమర్శే చెల్లుబాటైంది. మన సాహిత్య పత్రికల సంపాదకులు ఈ లెక్క ఒకసారి ఆలోచించి చూడవచ్చు.

ఇక మన సంగతి. తెలుగుదేశంలో టైపు మిషనుకు కొదవేమీ లేదు. 1955లో గోద్రెజ్ సంస్థ దేశంలోనే యంత్రాలు తయారు చేయటం మొదలుపెట్టింది. తాలూకా కేంద్రాల్లో టైపు ఇన్‌స్టిట్యూట్లు వెలిశాయి. పత్తి, మిర్చి పండించే కుటుంబాల పిల్లలు కూడా పదో తరగతి కాగానే లోయరు, ఆ తర్వాత హయ్యరు పరీక్షలకు కట్టారు. కానీ వాళ్ళు ఎక్కువమంది నేర్చింది ఇంగ్లీషు మీటలే, గుమాస్తా ఉద్యోగం కోసమే. తెలుగు యంత్రం చిక్కులు వేరు. ఇంగ్లీషుకు ఇరవయ్యారు అక్షరాలు చాలు. ఇన్ని గుణింతాలూ ఇన్ని వత్తులూ ఉన్న లిపిని నలభై చిల్లర మీటల్లో ఇరికించాలంటే అక్షరాన్ని ముక్కలు చేసి, తల ఒకసారి, ఒళ్ళు ఒకసారి, వత్తు ఒకసారి కొట్టాలి. 1966లో అధికార భాషా చట్టం వచ్చాక తెలుగు యంత్రాలు ప్రభుత్వ కార్యాలయాల్లోకి వచ్చాయి గానీ, కథలు రాసే కుర్రవాడి ఇంటికి రాలేదు. అందుచేత తెలుగువాళ్ళు సైక్లోస్టయిల్ పత్రికలకు తరచు టైపును వదిలేసి, లోహపు మొనగల కలంతో స్టెన్సిలు మీద చేత్తోనే గీసుకున్నారు. తాటాకు మీద ఘంటంతో రాసిన జాతికి ఇదేమీ కొత్త విద్య కాదు.

దీనికి మన దగ్గరున్న ముచ్చటైన ఉదాహరణ పిల్లలది కావటం గమనార్హం. 1945లో మద్రాసు నుంచి రేడియో అన్నయ్య న్యాయపతి రాఘవరావు దంపతుల ఆధ్వర్యంలో 'బాల' పత్రిక వచ్చింది. అందులో తొలి కథ అచ్చయిన ఉత్సాహంతో బాలుడైన ముళ్ళపూడి వెంకటరమణ తానే సంపాదకుడై ఒక పత్రిక మొదలుపెట్టాడు. బొమ్మలు బాపువి. ఈ బృందం ఒక సైక్లోస్టయిల్ మిషను కూడా సంపాదించింది. పత్రికలు అమ్మిన డబ్బుతో సభలు, పిల్లలకు ఆటల పోటీలు పెట్టారు. అది అభిమాన కథల పత్రిక కాదు గానీ, ఒక పత్రికను ప్రేమించిన పాఠకులు చేసుకున్న పత్రిక. గిరీశాన్ని గురజాడ దగ్గర నుంచి చనువుగా తీసుకున్న చెయ్యీ, ఈ పిల్లవాడి చెయ్యీ ఒకటే.

మద్రాసులో మిషను కొనగలిగారు. దాచేపల్లిలో ఏం చేయాలి? నాపరాళ్ళ గనులు, సున్నపు బట్టీలు, పత్తి చేలు, మిర్చి కల్లాలు ఉన్న పల్నాటి సీమ అది. ఇలాంటి ఊళ్ళలో సైక్లోస్టయిల్ యంత్రం ఉండే అవకాశమల్లా హైస్కూలు ఆఫీసులోనో, ప్రభుత్వ కార్యాలయంలోనో. బళ్ళో దాని మీద పరీక్ష పేపర్లు తీస్తారు గనక గదికి తాళం ఉంటుంది. యంత్రం దొరకాలంటే తాళం ఉన్నవాడి దయ కావాలి. తాళం ఉన్నవాడు కథ చదువుతాడు. చదివితే ఏ పేజీ ఉండాలో, ఏది పోవాలో అతనే చెబుతాడు. ఉత్పత్తి సాధనం ఎవరి చేతిలో ఉంటే సంపాదకత్వం వారిదేనన్న సంగతికి ఇంతకంటే చిన్న ఉదాహరణ దొరకదు.

చట్టం మరో వైపు నిలబడింది. 1867 నాటి పత్రికలు, పుస్తకాల రిజిస్ట్రేషను చట్టం నిర్వచనంలో 'ముద్రణ' అంటే సైక్లోస్టయిల్ కూడా. 2023లో కొత్త చట్టం చేసేవరకు ఆ నిర్వచనమే నడిచింది. పత్రిక నడపాలంటే మేజిస్ట్రేటు ఎదుట డిక్లరేషను ఇవ్వాలి. చిన్న పత్రికల అట్టల మీద "ప్రైవేటు సర్క్యులేషను కొరకు మాత్రమే" అన్న పంక్తి కనపడటం వెనుక ఈ భయం ఉంది. 1975 జూన్‌లో అత్యవసర పరిస్థితి వచ్చాక ఆ భయం మరింత నిజమైంది.

యంత్రమూ వద్దు, డిక్లరేషనూ వద్దు అనుకుంటే మిగిలింది లిఖిత పత్రిక. ఒకే ఒక ప్రతి. దస్తూరి బాగున్న ఒకరు అందరి రచనలూ రాస్తారు, బొమ్మలు వచ్చిన ఒకరు అట్ట వేస్తారు. అది హాస్టలు గదుల్లో, గ్రంథాలయం బల్ల మీద చేతులు మారుతుంది. చివర్లో కొన్ని పేజీలు అభిప్రాయాల కోసం ఖాళీగా వదులుతారు. అమెరికా పాఠకుడు తపాలాలో పంపిన విమర్శ ఉత్తరం ఇక్కడ అదే పుస్తకంలో, కథ పక్కనే చేరుతుంది. అచ్చు పత్రిక పాఠకుడికి ఈ సౌకర్యం ఎన్నడూ ఇవ్వలేదు.

మరి అందులో రాసేందుకు వస్తువు? పల్నాటి కుర్రవాడు దూరం పోనక్కరలేదు. కారెంపూడిలో వీరుల ఉత్సవాల్లో వీరవిద్యావంతులు పాడే కథను తరతరాలుగా గాయకులు పెంచుతూ, తగ్గిస్తూ, మలుస్తూ వచ్చారు. శ్రీనాథుడి పేర చెలామణిలో ఉన్న కావ్యం వేరు, గాయకుడు పాడేది వేరు. జీన్ రోఘైర్ అనే అమెరికన్ పరిశోధకుడు ఆ పాటనే ఆధారం చేసుకుని 1982లో ఇంగ్లీషులో పుస్తకం వెలువరించాడు. ఆ కథలో నాయకురాలు నాగమ్మ కుట్రదారు. ఆమె జిట్టగామాలపాడులో పెరిగిందంటారు. గామాలపాడు దాచేపల్లి మండలంలోనిదే. ఆడది మంత్రాంగం నడపటమే నేరమైందా అని ఆ ఊరి విద్యార్థిని ఒకతె నాగమ్మ నోట కథ చెప్పిస్తే, దాన్ని అనుకరణ అనే హక్కు ఎవరికుంది? బ్రహ్మనాయుడి చాపకూడు పంక్తిలో కూర్చున్నవాడి వైపు నుంచి ఒకరు రాస్తే? శంబూకుడి విషయంలో త్రిపురనేని చేసిన పని అదే కదా.

అంతమాత్రాన అభిమానం పేరుతో వచ్చినదల్లా నెత్తిన పెట్టుకోమని కాదు. సినిమా హీరోల అభిమాన సంఘాలు వేసిన కరపత్రాలూ సంచికలూ మన జిల్లాల్లో కుప్పలుగా వచ్చాయి. వాటిలో పద్యాలున్నాయి, శ్రమ ఉంది, ప్రశ్న మాత్రం లేదు. హీరో ఇంకా ఎత్తు పెరగటమే వాటి ఇతివృత్తం. అమెరికాలోనూ ఈ జబ్బు ఉంది. రచయిత్రి తన ప్రతిబింబాన్నే సర్వగుణసంపన్నురాలిగా కథలో దించి అందరిచేతా మెప్పించుకోవటం ఎంత మామూలైపోయిందంటే, 1973లో పౌలా స్మిత్ అదే ధోరణిని ఎగతాళి చేస్తూ ఒక పొట్టి కథ రాసింది. అందులోని 'మేరీ స్యూ' పేరు అలాంటి పాత్రలన్నిటికీ గుర్తుగా స్థిరపడింది. ఆ ఎగతాళి వెలువడింది కూడా అభిమాన పత్రికలోనే. విశ్వవిద్యాలయ విమర్శకులు అటు తొంగి చూడకముందే వీళ్ళు తమ లోపానికి పేరు పెట్టుకోగలిగారు.

పాత్ర ఎవరి ఆస్తి అన్నది మిగిలింది. 1981లో లూకస్‌ఫిల్మ్ సంస్థ అశ్లీలమని తాను భావించిన అభిమాన కథల విషయంలో పత్రికల వాళ్ళను హెచ్చరించింది. మన 1957 కాపీరైటు చట్టం ప్రకారం రచయిత మరణించాక ఇప్పుడు అరవై ఏళ్ళదాకా హక్కు ఉంటుంది. 1915లో పోయిన గురజాడ పాత్రలు ఇవాళ అందరివీ. కొమ్మూరి సాంబశివరావు డిటెక్టివ్ యుగంధర్‌ను మాత్రం అంత చనువుగా అచ్చులోకి తేలేం. రచయిత కష్టార్జితానికి రక్షణ ఉండాల్సిందే. కానీ అద్దె పుస్తకం తిరిగి ఇచ్చేలోపు యుగంధర్‌ను తన ఊరి మిర్చి యార్డుకు రప్పించి, తూకంలో మోసం పట్టించి, నోటుబుక్కులో రాసుకునే కుర్రవాడు ఎవరి కూడూ లాక్కోవటం లేదు. అతను డిటెక్టివ్ నవల ఎన్నడూ అడగని ప్రశ్న అడుగుతున్నాడు.

ఇలాంటి కాగితాలు ఏ గ్రంథాలయానికీ చట్టప్రకారం చేరవు. 1954 నాటి గ్రంథాల అప్పగింత చట్టం ప్రచురణకర్తలకే గాని, ప్రైవేటు సర్క్యులేషను వాళ్ళకూ, ఒకే ప్రతి ఉన్నవాళ్ళకూ పట్టదు. అమెరికాలో అయోవా విశ్వవిద్యాలయం అభిమాన పత్రికల్ని పెట్టెలకు పెట్టెలు భద్రపరుస్తోంది. పాత పత్రికలకు పేరుపడిన వేటపాలెం సారస్వత నికేతనం (1918) లాంటివి మనకూ ఉన్నాయి. అటకల మీద ఇంకా మిగిలిన సంచికల్ని అలాంటిచోటికి చేర్చేవారు ముందుగా తుప్పు పట్టిన పిన్నులు తీసేయాలి, ఊదారంగు ప్రతుల్ని ఎండకు చూపకూడదు, చివరి పేజీల్లోని అభిప్రాయాల్ని చింపేయకూడదు. అట్ట మీద సంపాదకుడి పేరు ఎలాగూ ఉంటుంది. స్టెన్సిలు గీసినవారు, పిడి తిప్పినవారు, గది తాళం ఇచ్చినవారు ఎవరో ఇంకా చెప్పగలవాళ్ళు ఉండగానే అడిగి, అట్ట లోపలి వైపు పెన్సిలుతో రాసి పెట్టాలి.