అంగుళం కదిలితే బొమ్మ పోతుంది

ఇంటి పెరట్లో నిలబెట్టిన పెద్ద శాటిలైట్ డిష్‌ను గాలి పడగొట్టడం అరుదు. గురి తప్పించడం మాత్రం ఈదురుగాలి వీచిన ప్రతిసారీ జరిగేదే. భూమధ్యరేఖకు 35,786 కిలోమీటర్ల ఎత్తున ఉన్న ఉపగ్రహం మీద డిష్ చూపు నిలిచి ఉండాలి. ఈ డిష్‌లు అందుకునే సి-బ్యాండ్ తరంగం పొడవు సుమారు 7.5 సెంటీమీటర్లు. దానికి 3 మీటర్ల డిష్ చూపు వెడల్పు 1.75 డిగ్రీలే. అందులో సగం మేర పక్కకు జరిగితే అందే సంకేతం సగానికి పడిపోతుంది. డిష్ అంచు ఒక్క అంగుళం ముందుకో వెనక్కో ఊగినా గురి దాదాపు ఒక డిగ్రీ తప్పుతుంది.

1976లో స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయ ఆచార్యుడు టేలర్ హోవర్డ్ కాలిఫోర్నియాలోని తన ఇంటి దగ్గర ఇలాంటి డిష్ ఏర్పాటు చేసుకుని, కేబుల్ సంస్థల కోసం పంపే హెచ్‌బీఓ కార్యక్రమాలను అందుకున్నారు. చూసినందుకు 100 డాలర్ల చెక్కు పంపితే హెచ్‌బీఓ తిప్పి పంపింది. పదేళ్లు తిరక్కుండానే కేబుల్ తీగ చేరని అమెరికా పల్లెల పెరళ్లలో ఈ డిష్‌లు మామూలైపోయాయి. హోవర్డ్ కంటే ఏడాది ముందే, 1975 ఆగస్టు 1న మన దేశంలో మొదలైన ‘సైట్’ అనే ఉపగ్రహ టీవీ ప్రయోగం కోసం ఆంధ్రప్రదేశ్ సహా ఆరు రాష్ట్రాల్లోని సుమారు 2,400 గ్రామాల్లో 3 మీటర్ల డిష్‌లు లేచాయి. వాటి ముఖం కోళ్ల గూళ్లకు కట్టే ఇనుప వల. 860 మెగాహెర్ట్జ్ తరంగం పొడవు 35 సెంటీమీటర్లు కావడంతో చూపు వెడల్పు 8 డిగ్రీల దాకా ఉండేది. కాస్త ఊగినా చెల్లేది. సి-బ్యాండ్‌లో ఆ వెసులుబాటు లేదు.

గాలి వేగం రెట్టింపైతే తోపు నాలుగు రెట్లవుతుంది. ఏడు చదరపు మీటర్ల ముఖానికి గంటకు 50 కిలోమీటర్ల గాలి ఎదురైతే సుమారు 100 కిలోల బరువంత తోపు పడుతుంది. 100 కిలోమీటర్లకు అది 400 కిలోలు దాటుతుంది. ఏటవాలుగా తగిలే గాలి డిష్‌ను మెలితిప్పుతుంది కూడా. జాలీ డిష్ కొంత నయం. కంతలు తరంగం పొడవులో పదో వంతుకు లోపే ఉంటే తరంగానికి జాలీ, రేకు ఒకటే. అయితే కంతలు సన్నబడేకొద్దీ గాలికి కూడా అది రేకులాగే అడ్డు నిలుస్తుంది. జాలీయే కదా అని సన్నటి స్తంభం వేయడం పెద్ద పొరపాటు.

స్తంభానికి లావు ముఖ్యం. గోడ మందం మార్చకుండా గొట్టం వ్యాసం రెట్టింపు చేస్తే బిగువు దాదాపు ఎనిమిది రెట్లవుతుంది. కాంక్రీటులో గొట్టం తిరగకుండా అడుగున ఇనుప రెక్కలు వెల్డింగ్ చేయాలి. తడికి ఉబ్బి, ఎండకు బీటలు వారే నల్లరేగడిలో పునాది ఆ కదలిక లేని లోతుకు దిగాలి.

పునాది గట్టిదైనా డిష్ ఊగుతుంటే లోపం కీళ్లలో ఉంటుంది, తరచుగా దొరికేది అక్కడే. ఒకే ఇరుసు మీద తిరుగుతూ ఉపగ్రహాల వరుసనంతా చూసే పోలార్ మౌంట్‌లో డిష్‌ను పట్టి ఉంచేది యాక్చువేటర్ అనే మోటారు కడ్డీ ఒక్కటే. అది ఇరుసుకు 45 సెంటీమీటర్ల దూరంలో తగులుకుంటే, అక్కడి బోల్టు రంధ్రం 3 మిల్లీమీటర్లు అరిగినా డిష్ అంచు సెంటీమీటరు ఆడుతుంది. గాలి లేనప్పుడు ఒకరు అంచును మెల్లగా ఊపుతుంటే మరొకరు ఒక్కో కీలు మీద వేలు ఆనించి చూడాలి. వేలికి టక్‌మని తగిలిన చోటే వదులుంది. అక్కడ నట్టును బలవంతంగా బిగిస్తే లాభం లేదు. సరైన బుష్, కొత్త బోల్టు వేయాలి.

డిష్ ముందు నిలిచి సంకేతాన్ని అందుకునే ఫీడ్‌హార్న్ కూడా కదలకూడదు. దాన్ని మోసేది కొక్కెంలా వంగిన ఒంటి కడ్డీ అయితే గాలికి వణుకుతుంది. ఆ కడ్డీకి మూడు వైపులా సన్న తీగలు లాగి కట్టవచ్చు, లేదా నాలుగు కాళ్ల ఆధారం పెట్టవచ్చు.

డాబా మీద స్లాబుకు రంధ్రాలు వేయడం మంచిది కాదు. వెడల్పాటి ఇనుప చట్రం మీద కాంక్రీటు దిమ్మెల బరువు వేస్తారు. పిట్టగోడ అంచున గాలి సుడి తిరుగుతుంది కాబట్టి డిష్‌ను లోపలికి జరిపి పెడతారు. తుపాను హెచ్చరిక వస్తే, మౌంట్ వీలిచ్చినంత వరకు డిష్ ముఖాన్ని ఆకాశం వైపు తిప్పి కట్టేస్తారు.

1994లో అమెరికాలో 45 సెంటీమీటర్ల కేయూ-బ్యాండ్ డిష్ వచ్చాక ఇళ్లలో ఈ శ్రమ తగ్గింది. దాని చూపు వెడల్పు మూడున్నర డిగ్రీలకు పైనే; 100 కిలోమీటర్ల గాలి వేసే తోపు 10 కిలోలే. సి-బ్యాండ్ పెద్ద డిష్‌లు మాత్రం కేబుల్ కేంద్రాల డాబాల మీద ఇంకా ఉన్నాయి.