వీధిలో వెలిసే కళ

కళాప్రదర్శన అనగానే చల్లని హాలు, గోడకు తగిలించిన పటాలు గుర్తుకొస్తాయి. కాని కళను జనం మధ్యకు తెచ్చే ఉత్సవాలు మన దేశంలోనూ వేళ్ళూనుకున్నాయి. వాటిలో పెద్దది కేరళలోని కొచ్చి–ముజిరిస్ బియెన్నేల్. రెండేళ్ళకొకసారి జరిపేదని ఆ మాటకు అర్థం. బోస్ కృష్ణమాచారి, రియాస్ కోము అనే ఇద్దరు కళాకారులు పూనుకోగా 2012 డిసెంబరు 12న మొదలైంది. ఫోర్ట్ కొచ్చిలోని పాత గిడ్డంగులే ప్రదర్శనశాలలయ్యాయి. 2016లో చెన్నైలోనూ ఫోటో బియెన్నేల్ ప్రారంభమైంది.

ఇది మనకు కొత్తా? తిరుత్తణి 1960 ఏప్రిల్ 1న మద్రాసు రాష్ట్రంలో చేరేవరకు చిత్తూరు జిల్లాలోదే. అటు చిత్తూరు పల్లెల్లోనూ, ఇటు తిరుత్తణి, తిరువళ్ళూరు పల్లెల్లోనూ ద్రౌపదీ అమ్మవారి గుడి ఉన్నచోట భారత ఉత్సవాలు జరుగుతాయి. పగలు భారత కథ, రాత్రి వీధినాటకం. చివరి రోజున మైదానంలో మట్టితో దుర్యోధనుడి భారీ బొమ్మను పడుకోబెట్టి రంగులద్దుతారు. భీముడి వేషధారి వచ్చి తొడ మీద గదతో మోదుతాడు. సాయంత్రం నిప్పులు తొక్కుతారు. టిక్కెట్టు లేదు, కాపలా లేదు. ఒక్కరోజు బతికే ఆ శిల్పాన్ని ఊరంతా చూస్తుంది. నేటి కళాకారులు ఇన్‌స్టలేషన్ అంటున్నది ఇలాంటిదే కదా!

ఇక ప్రారంభోత్సవం సంగతి. పత్రికలవారిని, దాతలను పిలిచి తేదీ ప్రకటించడమంటే, మా బ్యాంకు భాషలో చెప్పాలంటే, ప్రామిసరీ నోటు రాసివ్వడమే. 2022లో కొచ్చి ప్రధాన ప్రదర్శన డిసెంబరు 12న తెరుచుకోవలసి ఉండగా, సరిగ్గా ముందురోజు దానిని 23కు వాయిదా వేశారు. దూరదేశాల నుంచి వచ్చిన అతిథులకు మూసిన తలుపులు కనిపించాయి. ఏర్పాట్ల లోపాలను ఎత్తిచూపుతూ కళాకారులే బహిరంగ లేఖ రాశారు. అంత పేరున్న ఉత్సవానికే అది తలవంపులయింది. మన పల్లెల్లో మాత్రం ధ్వజారోహణం జరిగిందంటే ఉత్సవం ఆగదు. ఆగితే ఊరికి అరిష్టమని భయం, పొరుగూరి ముందు చిన్నతనమని పట్టుదల.

ప్రకటించిన చందా వేరు, చేతికందిన చందా వేరు. చేతికందిన దానికే ఖర్చు రాయాలి. వేదిక, పూలదండలు, విందులకు ముందుగా చెల్లించి, పని చేసినవారికి “తర్వాత చూద్దాం” అనడం చాలా సభలలో చూస్తున్నదే. మట్టిబొమ్మ చేసేవారు, వీధినాటకం ఆడేవారు రోజు కూలి వదులుకుని వస్తారు. వారికి ఆలస్యమైతే ఇంట్లో పొయ్యి వెలగదు. వారి పిల్లలు ఆ విద్య జోలికి రారు.

మన ప్రాంతంలో ఎవరైనా నవీన కళోత్సవం తలపెడితే సంతోషమే. చందా ఇచ్చేవారికి ఒక్క మనవి: ఆహ్వానపత్రికలో ముఖ్య అతిథి పేరుతోపాటు జమాఖర్చుల పట్టిక కూడా అడగండి. అందులో కళాకారుల పారితోషికం మొదటి వరుసలో ఉంటేనే చెక్కు మీద సంతకం చేయండి.