క్రూజ్ కంట్రోల్: హైవే మీద ఎక్కడ ఆన్ చేయాలి, ఎక్కడ ఆపేయాలి?

హైదరాబాద్ ఔటర్ రింగ్ రోడ్డు పొడవు 158 కిలోమీటర్లు. ఎనిమిది వరుసల రహదారి. సిగ్నళ్లు లేవు, ఎదురుగా వచ్చే వాహనం లేదు, బైకులకు అనుమతి లేదు. 2023లో ఇక్కడ కార్ల గరిష్ఠ వేగాన్ని గంటకు 100 నుంచి 120 కిలోమీటర్లకు పెంచారు. క్రూజ్ కంట్రోల్ అనే సదుపాయం పనికొచ్చేది ఇలాంటి రోడ్డు మీదే. అదే కారు ఔటర్ దిగి విజయవాడ హైవే ఎక్కగానే లెక్క మారిపోతుంది. పక్క ఊరి రోడ్డులోంచి ఆటో వచ్చేస్తుంది, డివైడర్ సందులో ట్రాక్టర్ యూటర్న్ తీసుకుంటుంది, రాంగ్‌రూట్‌లో బైక్ ఎదురొస్తుంది. స్టీరింగ్ మీది బటన్ మాత్రం రెండు చోట్లా ఒకేలా పనిచేస్తుంది.

ఒకప్పుడు ఖరీదైన కార్లకే పరిమితమైన ఈ బటన్ ఇప్పుడు పది లక్షల లోపు కార్ల టాప్ వేరియంట్లలోనూ ఉంటోంది. 2025 ఆగస్టులో హీరో సంస్థ గ్లామర్ ఎక్స్ అనే 125 సీసీ బైక్‌కు కూడా దీన్ని అమర్చింది. బైకులను రానివ్వని ఎక్స్‌ప్రెస్‌వేలున్న దేశంలో ఆ బైక్ మీద క్రూజ్ కంట్రోల్‌ను ఎక్కడ వాడాలన్నది వేరే ప్రశ్న.

దీన్ని కనిపెట్టింది రాల్ఫ్ టీటర్ అనే అమెరికన్ ఇంజినీర్. ఐదేళ్ల వయసులోనే చూపు కోల్పోయిన మనిషి. తన లాయర్ మాట్లాడుతూ కారు నడిపినప్పుడల్లా వేగం పెరుగుతూ తగ్గుతూ ఉండటం, ఆ కుదుపులు భరించలేకపోవడం వల్లే ఈ ఆలోచన వచ్చిందని చెబుతారు. 1950లో ఆయనకు పేటెంట్ దక్కింది. 1958లో క్రైస్లర్ తన ఇంపీరియల్ కార్లలో దీన్ని తెచ్చింది. 1973 చమురు సంక్షోభం తర్వాత పెట్రోలు ఆదా అవుతుందన్న కారణంతో దీనికి మరింత ఆదరణ పెరిగింది.

పనితీరు కష్టమైనదేమీ కాదు. డ్రైవర్ 90 దగ్గర సెట్ బటన్ నొక్కితే, కారులోని కంప్యూటర్ అసలు వేగాన్ని ఎప్పటికప్పుడు ఆ 90తో పోల్చి చూస్తుంది. తగ్గితే ఇంజిన్‌కు శక్తి పెంచుతుంది, పెరిగితే తగ్గిస్తుంది. బ్రేక్ తొక్కితే, మాన్యువల్ కారులో క్లచ్ తొక్కినా, వ్యవస్థ వెంటనే తప్పుకుంటుంది. మామూలు క్రూజ్ కంట్రోల్‌కు రోడ్డు కనిపించదు. ముందు లారీ ఉందో, గేదెల మంద ఉందో దానికి తెలియదు.

లాభాలు నిజమైనవే. ఖాళీ రోడ్డు మీద తెలియకుండానే 100 దాటి 115కి చేరిపోవడం చాలామందికి అలవాటు. స్పీడ్ గన్‌కు చిక్కి చలానా వచ్చేదాకా ఆ సంగతి గుర్తుండదు. క్రూజ్ కంట్రోల్ ఆ పాకుడును ఆపుతుంది. గంటల తరబడి యాక్సిలరేటర్ మీద ఒకే కోణంలో ఉంచిన పాదానికి విశ్రాంతి దొరుకుతుంది. మోకాలి నొప్పి ఉన్నవారికి ఇది చిన్న విషయం కాదు.

మైలేజీ సంగతి కొంచెం మెలికతో కూడుకున్నది. చదును రోడ్డు మీద స్థిరమైన వేగం ఇంధనాన్ని ఆదా చేస్తుంది. ఎత్తుపల్లాల్లో అలా కాదు. అనుభవమున్న డ్రైవర్ ఎత్తు ఎక్కేటప్పుడు వేగం కాస్త తగ్గనిచ్చి, దిగేటప్పుడు తిరిగి రాబట్టుకుంటాడు. యంత్రం ఎత్తులోనూ అదే వేగం కోసం ఇంజిన్‌ను కష్టపెడుతుంది. పైగా అసలు తేడా తెచ్చేది ఎంచుకున్న వేగం. గాలి నిరోధం వేగం వర్గంతో పెరుగుతుంది కాబట్టి 100 నుంచి 120కి వెళ్తే అది 44 శాతం ఎక్కువవుతుంది. 120 దగ్గర క్రూజ్ పెట్టి మైలేజీ కోసం చూడటంలో అర్థం లేదు.

అసలు చిక్కు డ్రైవర్ మెదడులో

120 వేగంలో కారు సెకనుకు 33 మీటర్లు దాటుతుంది. పాదం పెడల్‌కు దూరంగా, నేల మీద విశ్రాంతిగా ఉన్నప్పుడు బ్రేక్ మీదికి రావడానికి అర సెకను ఆలస్యమైనా 16 మీటర్లు పోయినట్టే. అంటే నాలుగు కార్ల పొడవు. ఫ్రాన్స్‌లో విన్సీ ఆటోరూట్స్ ఫౌండేషన్ 2013లో వెలువరించిన అధ్యయనం కూడా క్రూజ్ కంట్రోల్ వాడేవారిలో అప్రమత్తత తగ్గుతుందని, అత్యవసర స్థితిలో స్పందన ఆలస్యమవుతుందని తేల్చింది.

మన దేశంలో ఈ చర్చ ఎక్కువగా జరిగింది 701 కిలోమీటర్ల ముంబయి-నాగ్‌పుర్ సమృద్ధి మహామార్గ్ గురించి. 2022 డిసెంబరులో తొలి దశ, 2025 జూన్‌లో చివరి భాగం తెరిచారు. తిన్నని, మార్పులేని రోడ్డు మీద కళ్లు తెరిచే ఉన్నా మనసు మత్తులోకి జారుకోవడాన్ని ‘హైవే హిప్నాసిస్’ అంటారు. అక్కడి ప్రమాదాల చర్చలో తరచూ వినిపించిన మాట ఇది. చేయడానికి పనే లేకపోతే ఆ మత్తు ఇంకా త్వరగా వస్తుంది. నిద్ర వస్తున్నప్పుడు క్రూజ్ కంట్రోల్ ఆన్ చేయడం అన్నిటికన్నా చెడ్డ నిర్ణయం. నిద్రలో కాలు వదులైతే మామూలు కారు నెమ్మదిస్తుంది. క్రూజ్‌లో ఉన్న కారు అదే వేగంతో దూసుకుపోతుంది.

వర్షంలో కూడా వాడొద్దని కంపెనీల మాన్యువళ్లే చెబుతాయి. నీరు నిలిచిన చోట టైర్లకు పట్టు పోతే డ్రైవర్ సహజంగా కాలు తీసేస్తాడు. యంత్రం శక్తి ఇస్తూ ఉండే ప్రమాదముంది. కొత్త కార్లలో చక్రం జారితే క్రూజ్ దానంతటదే ఆగిపోయే ఏర్పాటు ఉన్నా, అప్పటికి కొన్ని మీటర్లు దాటిపోతాయి. ఘాట్ రోడ్లలో దీని అవసరమే లేదు.

రాడార్‌కూ పరిమితులున్నాయి

2021 నుంచి ఎక్స్‌యూవీ700 వంటి కార్లతో అడాప్టివ్ క్రూజ్ కంట్రోల్ మధ్యతరగతి చేరువలోకి వచ్చింది. రాడార్, కెమెరాల సాయంతో ముందు వాహనాన్ని చూసి దూరం పాటిస్తుంది, అవసరమైతే బ్రేక్ కూడా వేస్తుంది. అమెరికాలో ఏళ్ల తరబడి దీన్ని వాడి, సెలవులకు ఇంటికి వచ్చి కారు నడిపే తెలుగువారికి మొదట తెలిసొచ్చేది మన రోడ్డు లక్షణం. ముందు వదిలిన ఖాళీలోకి నిమిషానికో బండి దూరుతుంది. కారు ప్రతిసారీ బ్రేక్ వేస్తుంది. వెనక వచ్చేవాడు దాన్ని ఊహించడు.

దీనికన్నా పెద్ద ప్రమాదం ఆగి ఉన్న వాహనాలతో. సైన్‌బోర్డులు, వంతెనలు చూసి ఊరికే బ్రేక్ పడకుండా ఉండేందుకు చాలా రాడార్ వ్యవస్థలు వేగంలో ఉన్నప్పుడు కదలని వస్తువులను పెద్దగా పట్టించుకోవు. ఆగి ఉన్న వాహనాన్ని గుర్తించకపోవచ్చని మాన్యువల్‌లో రాసే ఉంటుంది. రాత్రిపూట వెనక లైటు కూడా లేకుండా రోడ్డు మీదే నిలిపిన లారీ మన హైవేల మీద అరుదైన దృశ్యం కాదు. పత్తి బస్తాలు బయటికి పొడుచుకొచ్చిన ట్రాక్టర్, అడ్డొచ్చే పశువులు, సన్నగా కనిపించే బైకులు కూడా ఈ యంత్రానికి కష్టమైన పరీక్షలే.

2022లో దేశంలో 1,68,491 మంది రోడ్డు ప్రమాదాల్లో చనిపోయారని కేంద్ర రోడ్డు రవాణా శాఖ లెక్క. వారిలో 70 శాతానికి పైగా మరణాలకు నమోదైన కారణం అతివేగం. వేగానికి కళ్లెం వేసే సాధనం కాబట్టి క్రూజ్ కంట్రోల్ ఇక్కడ మేలు చేయాలి. కానీ అమెరికాలోని ఇన్సూరెన్స్ ఇన్‌స్టిట్యూట్ ఫర్ హైవే సేఫ్టీ 2021లో మరో సంగతి బయటపెట్టింది. అడాప్టివ్ క్రూజ్ లేదా వరుస మధ్యలో నడిపే వ్యవస్థ ఆన్‌లో ఉన్నప్పుడు డ్రైవర్లు పరిమితి దాటే అవకాశం 24 శాతం ఎక్కువట. చాలామంది పరిమితికి పైనే వేగం సెట్ చేసుకుంటున్నారు.

కొత్తగా కారు కొన్నవారు పెద్దగా పట్టించుకోని బటన్ ఇంకోటి ఉంది, రెజ్యూమ్. బ్రేక్ తొక్కాక కూడా కారు పాత వేగాన్ని గుర్తుంచుకుంటుంది. 110 దగ్గర సెట్ చేసి, టోల్‌గేటు దగ్గర ఆగి, ఆ తర్వాత ఊరి మధ్య నుంచి వెళ్లే సర్వీసు రోడ్డులో అలవాటుగా రెజ్యూమ్ నొక్కితే కారు మళ్లీ 110 వైపే పరుగు తీస్తుంది. అందుకే హైవే దిగగానే క్రూజ్‌ను పూర్తిగా ఆఫ్ చేయాలి. మెయిన్ స్విచ్ ఆఫ్ చేస్తే పాత వేగం చాలా కార్లలో చెరిగిపోతుంది.