లినక్స్‌లో తెరుచుకోని జిప్ ఫైళ్ళు

కువైత్‌లో పనిచేసే తెలుగువారికి ఊరినుంచి తల్లిదండ్రుల స్కాన్‌లు, రిపోర్టులు తరచుగా జిప్ ఫైళ్ళుగా అందుతుంటాయి. లినక్స్ కంప్యూటర్‌లో విప్పబోతే ఒక్కోసారి ఫైలు అసలు తెరుచుకోదు. ఒక్కోసారి తెరుచుకున్నా పేర్లు వింత గుర్తులుగా కనిపిస్తాయి. ఇవి వేరువేరు జబ్బులు. కారణం తేలకుండా మందు వేయడం ఇక్కడా ప్రమాదమే.

ఫిల్ కాట్జ్ 1989లో తెచ్చిన జిప్ పద్ధతిలో విషయసూచిక ఫైలు చివర ఉంటుంది. డౌన్‌లోడ్ మధ్యలో ఆగితే పోయేది ముందుగా ఆ సూచికే. అది దొరకలేదని అన్‌జిప్ ఫిర్యాదు చేస్తే, పంపినవారి ఫైలు పరిమాణంతో మనదానిని పోల్చాలి. తేడా ఉంటే మళ్ళీ తెప్పించుకోవడమే చికిత్స. మరీ చిన్న ఫైలైతే 'ఫైల్' కమాండ్‌తో పరీక్షించాలి. అది జిప్ కాక, లాగిన్ అడిగే వెబ్ పేజీ కావచ్చు. పాస్‌వర్డ్ సరైనదైనా తెరుచుకోకపోతే, ఏఈఎస్ పద్ధతిలో తాళం వేసి ఉండవచ్చు. అన్‌జిప్ 6.0కు ఆ తాళం తీయడం రాదు, సెవెన్-జిప్‌కు వచ్చు.

ఇక పేర్ల సంగతి. తొలినాళ్ళ జిప్‌లో పేర్లకు ప్రమాణం ఐబీఎమ్ 437 కోడ్‌పేజీ. అందులో తెలుగుకు చోటు లేదు. పేరు యూటీఎఫ్-8లో ఉందని తెలిపే గుర్తు 2006లో చేరింది. ఆ గుర్తు పెట్టకుండా కట్టిన ఫైలును విప్పేటప్పుడు తెలుగు పేర్లు చెదిరిపోవచ్చు. విండోస్‌లో కట్టిన ఫైలైతే, ఉబుంటులోని అన్‌జిప్‌కు పెద్ద 'ఓ' ఆప్షన్‌తో యూటీఎఫ్-8 అని మనమే చెప్పవచ్చు.

మనకే ప్రత్యేకమైన చిక్కు మరొకటి ఉంది. ఎక్స్‌ట్-4 ఫైల్ సిస్టమ్‌లో పేరు 255 బైట్లు దాటకూడదు. యూటీఎఫ్-8లో ఒక్కో తెలుగు సంకేతానికి మూడు బైట్లు. అంటే 85 సంకేతాలే. 'స్త్రీ' అన్న ఒక్క అక్షరమే ఆరు సంకేతాలు, 18 బైట్లు. విండోస్‌లో 255 సంకేతాల దాకా చెల్లే పేరు ఇక్కడ పట్టదు. పేర్లు కుదించి పంపమనడమే సులువు.

పాడైన ఫైలును జిప్ ప్రోగ్రామ్ రెండు 'ఎఫ్'లతో బాగుచేయగలదు గాని, దక్కిన వాటినే కూర్చుతుంది, పోయినవాటిని పుట్టించలేదు. సీటీ స్కాన్‌లో వందలాది చిత్రాలుంటాయి. కొన్ని జారిపోయినా తెరమీద చూసేవారు గమనించకపోవచ్చు. అందుకే అతుకువేసిన ఫైలుతో వైద్యుడి అభిప్రాయం అడగకూడదు. విప్పేముందు అన్‌జిప్ 'టి' ఆప్షన్‌తో ప్రతి ఫైలు సరిచూపు మొత్తం కలిసిందో లేదో చూడాలి. విప్పాక పైపేరును నమ్మక, డైకామ్ ఫైలు లోపలున్న రోగి పేరు, తేదీ చదవాలి.